మూడు హారన్లు, ఒక ఎసరు

మా అక్క ఇల్లు సూర్యాపేటలో ఎక్కడ అని అడిగితే ఆ రోజుల్లో నేను తడుముకోకుండా చెప్పేవాణ్ణి: పెద్దరోడ్డు మీద దర్జీ కొట్టు పక్క సందులో. ఆ సందులో ఎన్నో ఇల్లు అని మాత్రం ఎవరూ అడగలేదు. అడిగి ఉంటే దొరికిపోయేవాణ్ణి.

అక్కావాళ్ళు ఆ ఇంట్లోకి మారి అప్పటికి మూడేళ్ళు. నేను పాత కారు ఒకటి కొని కూడా మూడేళ్ళే. నాది మిర్యాలగూడలో ఆముదాల వ్యాపారం. వారానికోసారి కోదాడ వెళ్ళి అక్కడి షావుకారుతో బేరం మాట్లాడుకోవాలి. హుజూర్‌నగర్ మీదుగా దగ్గరిదారి ఉండేది గానీ, దానిలో రెండుసార్లు కారు స్ప్రింగు విరిగాక సూర్యాపేట చుట్టి వెళ్ళడం అలవాటు చేసుకున్నాను. అలా వారానికి రెండుసార్లు, పోతూ ఒకసారి, వస్తూ ఒకసారి, అక్క ఉండే సందు ముందు నుంచే వెళ్ళేవాణ్ణి.

ఆగేవాణ్ణి కాదు. పోయేటప్పుడు మాత్రం హారన్ కొట్టేవాణ్ణి. కారు పక్కన ఇత్తడి బాకా, దాని వెనక నల్లటి రబ్బరు బుడ్డి ఉండేవి. బుడ్డి నొక్కితే ఎడ్లు బెదిరేవి, ముసలివాళ్ళు తిట్టేవాళ్ళు. సందు దగ్గరికి రాగానే మూడుసార్లు నొక్కేవాణ్ణి. ఒకటి అక్కకు, ఒకటి బావకు, ఒకటి బావ తల్లికి. ముగ్గురినీ పలకరించినట్టే అని నా లెక్క. సందు ఇరుకు, కారు పట్టదు అని నా మనస్సాక్షికి ఒక జవాబు కూడా సిద్ధంగా ఉండేది. కారు పట్టకపోయినా మనిషి పడతాడన్న సంగతి అది ఎన్నడూ అడగలేదు, నేనూ చెప్పలేదు.

ఇందులో నా తప్పు ఉత్త మర్యాదకు సంబంధించింది కాదు. మా వైపు పెళ్ళయిన ఆడబిడ్డకు బేసి సంవత్సరాల్లో పుట్టింటివాళ్ళు ఒడిబియ్యం పోస్తారు. పసుపు కలిపిన బియ్యం, ఎండుకొబ్బరి కుడుకలు, వక్కలు, ఖర్జూరాలు, రవికె గుడ్డ ఆమె కొంగులో పోయడం. ఆ బియ్యం వండి ఆమె వాడంతటికీ పెడుతుంది. నాకూ పుట్టిల్లుంది, నన్ను అడిగేవాళ్ళున్నారు అని ఆమె నలుగురికీ చెప్పుకునే రోజు అది. మూడో ఏడు మా అమ్మ పోసింది. తరువాత అమ్మ పోయింది. ఐదో ఏడు నేను మరిచిపోయాను. ఏడో ఏడు వచ్చే నెల, వచ్చే నెల అంటూ గడిపేశాను. ఇప్పుడు తొమ్మిదో ఏడు. ఉగాది దాటితే అదీ అయిపోతుంది. పుట్టింటి నుంచి మిగిలింది నేనొక్కణ్ణే. ఆ సంగతి నాకు కోదాడ దారిలో ఎన్నడూ గుర్తొచ్చేది కాదు.

నిజాం మీదికి యూనియన్ మిలటరీ వచ్చిన మరుసటి శివరాత్రి దాటాక, ఒక సోమవారం, సూర్యాపేట దాటి కొంతదూరం పోగానే దారికి అడ్డంగా రెండు పీపాలు, వాటి మీద ఒక దుంగ కనిపించాయి. మిలటరీ లారీల బరువుకు వాగు మీది వంతెన పగిలిందట. పోలీసు ఒకడు దుంగకు ఆనుకొని నిలబడ్డాడు.

"మనిషి పోవచ్చు, గొడ్డు పోవచ్చు. మోటరు పోదు" అన్నాడు.

"ఎప్పుడు బాగయితది?"

"అయితది."

"గదే, ఎప్పుడు?"

"అయినప్పుడు అయితది. నువ్వు మోటరు దిగి నడువు, ఇప్పుడే పోతవు."

కోదాడ దాకా నడవమని ఒకడు నాతో అంత తేలిగ్గా అనడం అదే మొదటిసారి. కారు తిప్పి మళ్ళీ సూర్యాపేట వచ్చాను. దర్జీ కొట్టు ముందు రోడ్డు పక్కన ఆపాను. కొట్టులో ముసలి దర్జీ కళ్ళద్దాల మీంచి చూశాడు. సొంత అక్క ఇల్లు ఏదని అతన్ని అడగడానికి మొహం చెల్లక నేరుగా సందులోకి నడిచాను. పచ్చటి తలుపుల ఇల్లొకటి నాకు అక్కదిలాగే కనిపించింది. లోపలికి పోయి బూట్లు విప్పి, మంచం మీద కూర్చొని, "అక్కా, మంచినీళ్ళు" అన్నాను.

ఎన్నడూ చూడని ఒక ముసలమ్మ చెంబుతో నీళ్ళు తెచ్చింది. నేను తాగేదాకా ఆగింది.

"ఎవరింటికొచ్చినవయ్యా?" అంది.

అప్పటికే వెనక నుంచి దర్జీ, చేతిలో కత్తెర అలాగే ఉంది, గుమ్మంలోకి వచ్చాడు. "పటేలా, గిది గాదు. సొరపాదున్న ఇల్లు, గాడ."

"నేనెవరింటికి వచ్చిననో నీకెట్ల తెలుసు తాతా?"

"తెల్వకేం? మూడు కూతల తమ్ముడివి నువ్వే గద! మూడేండ్ల సంది నీ అన్నం తింటున్న."

నాకు అర్థం కాలేదు. సొరపాదు దాకా నడిచేలోపు ఆయనే చెప్పాడు.

"నువ్వు కూత పెట్టంగనే మీ అక్క ఎసరు పెడ్తది. తమ్ముడొచ్చిండు, బండి పక్కకు పెట్టి వస్తడని. బియ్యం ఉడికేసరికి నువ్వు మునగాల దాటుతవు. వండిన అన్నం ఏం జేస్తది? ఒక్కన్నే ఉంటనని నన్ను పిలుస్తది. సల్లగుండు బిడ్డా. వారానికి ఒక్కపాలి గాకుండ రెండు పాల్లు కూత పెడ్తే ఇంక మంచిగుంటది."

నేను నవ్వాను. నవ్వకుండా ఉంటే ఏం చెయ్యాలో తెలియక నవ్వాను.

అక్క గుమ్మంలో కాళ్ళకు నీళ్ళిచ్చింది. బావ తల్లి అరుగు మీద కూర్చొని నా కాళ్ళకేసి చూసింది.

"కాళ్ళున్నయా కొడుకా నీకు? నేను సక్రాలనుకున్న" అంది. తరువాత కోడలి వైపు తిరిగి, "మీ పుట్టింటోళ్ళు తొమ్మిదో ఏడుకు వచ్చిన్రు. వంతెన విరగాల్సొచ్చింది పాపం" అంది. అక్క లోపలికి వెళ్ళిపోయింది.

ఆ సాయంత్రమే అత్త తీర్పు చెప్పేసింది. బేస్తవారం పొద్దున మంచిది. ఆ పొద్దున ఒడిబియ్యం పోయాలి. నా భార్య కూడా ఉండాలి కదా అని నేను ఒక దారి వెతికాను.

"నీ పెండ్లాం ఎన్నడన్న వచ్చి మల్ల పోస్తది. నువ్వు దొరికినవ్, నిన్ను ఇడువ. బియ్యం మాత్రం మీ ఊరి మట్టిల పండినయే ఉండాలె. పేట బజార్ల కొన్నయి పోస్తే పుట్టింటి బియ్యమెట్లయితయి?"

మా ఊరు మిర్యాలగూడ పక్క పల్లె. కారులో వెనక్కి పోయి తేవచ్చు. కానీ పోతే నేను తిరిగి రానని అందరికీ తెలుసు. నాకూ తెలుసు. అందుకే ఆ మాట ఎవరూ ఎత్తలేదు.

మర్నాడు బావ నన్ను వెంటేసుకొని బయలుదేరాడు. బావ సరుకులు అమ్మే గంజ్‌లో దడువాయి, అంటే రైతులు తెచ్చిన సరుకును తూచే మనిషి. ఊళ్ళో ఆయనకు పదడుగులకొక తెలిసినవాడు. ప్రతి ఒక్కరి దగ్గరా ఆగేవాడు.

"మా బామ్మర్ది. గూడల ఆముదాల షావుకారు."

"మోటరాయినేనా? మోటరేది?"

"వంతెన కాడ ఇరుక్కున్నడు. ఇప్పుడు ఉత్త మనిషే."

మూడేళ్ళు వారానికి రెండుసార్లు నేను ఆ ఊరి గుండా వెళ్ళాను. నాకు తెలిసిన సూర్యాపేట ఒక దుమ్ము, ఒక మలుపు, అడ్డమొచ్చే ఎడ్లబండి. అంతే. ఆ రోజు చూద్దును కదా, మోటర్లు లేకపోయేసరికి ఊరు ఊరంతా రోడ్డు మీదికి వచ్చి కూర్చుంది. కోదాడ వైపు దారంతా ఎర్రగా మిరపకాయలు ఎండబోశారు. ఇంకా ముందుకు పోతే చాపల మీద వడియాలు. నడిరోడ్డు మీద మంచం వేసుకొని ఒక కిరాణా షావుకారు కునుకు తీస్తున్నాడు, పొట్ట మీద తాళంచెవులు. నలుగురు గవ్వలేసి పచ్చీసు ఆడుతున్నారు. రోడ్డు మీద అంత చల్లగాలి వీస్తుందని నాకు తెలియదు. కారులో నాకు తెలిసిన గాలి వేరు, అది మొహాన కొట్టేది.

మిరపకాయల దగ్గర నేను వరుసగా ఏడు తుమ్ములు తుమ్మాను. పచ్చీసు ఆడేవాళ్ళు ఆట ఆపి లెక్కపెట్టారు.

"ఏడు పడ్డయి. కాయ జరుపు" అన్నాడు ఒకడు.

చాయ్ దుకాణంలో నిలబడి రెండు చాయ్‌లు తాగాం. ఒకామె పెనం మీద సర్వపిండి కాలుస్తుంటే కూర్చొని, అది కాలేదాకా ఎదురుచూసి తిన్నాం. కాలేదాకా ఎదురుచూడటం కూడా తిండిలో భాగమేనని నాకప్పుడే తెలిసింది. సర్వపిండి చేసే ఆమె నా బూట్లు చూసి, "అయ్యకు కాళ్ళు కొత్తగొచ్చినట్టున్నయి, మెల్లగ నడిపియ్యున్రి" అని బావతో అంది. నిజమే, మధ్యాహ్నానికే రెండు మడమల మీదా బొబ్బలు లేచాయి.

ఆ సాయంత్రం అక్క నా మడమలకు ఆముదం రాసింది. వందల బస్తాల ఆముదాలు నా చేతి మీదుగా పోయాయి గానీ ఒక చుక్క ఆముదం నా ఒంటికి తగలడం, పసితనం తరువాత, అదే.

"తమ్మీ, నొస్తున్నదా?"

"లేదక్కా."

"నొస్తె మంచిదే తియ్యి. గుర్తుంటది" అని నవ్వింది. ఆమె నవ్వు అమ్మ నవ్వులా ఉందని అప్పుడు చూశాను.

బుధవారం గంజ్‌కు పోయాం, మా ఊరి బియ్యం వెతకడానికి. బండ్లు వందకు తక్కువ లేవు. ఆముదాల రాశుల పక్కన వ్యాపారులు రైతులతో రుమాలు కింద వేళ్ళు పట్టుకొని ధర మాట్లాడుకుంటున్నారు. నేను కుంటుకుంటూ ప్రతి బండి దగ్గరికీ పోయి "ఏ ఊరు మీది?" అని అడిగాను. హాలియా అన్నాడొకడు. పెద్దవూర అన్నాడొకడు. అతను అంతదూరం నుంచి మూడు రోజులు నడిచి వచ్చాడట. ఆ మూడు రోజుల్లో దారిలో చూసినవన్నీ చెప్పడం మొదలుపెట్టాడు. కూర్చొని విన్నాను. నాకు వేరే పని లేదు. వేరే పని లేకపోవడం ఎంత సుఖమో ఆ రాశుల పక్కన కూర్చున్నప్పుడు తెలిసింది.

చివరికి ఒక బండి దగ్గర సమాధానం దొరికింది. అది మా ఊరే. మా పొలం గట్టు పక్క రైతు. నన్ను చూసి గుర్తుపట్టలేదు.

"నేనే" అని పేరు చెప్పాను.

"అయ్యో పటేలా! మోటరు లేకుండ ఎన్నడు సూస్తిమి? ఉత్తగ నిలబడితే ఎట్ల గుర్తుపడ్త?"

ఇద్దరం నవ్వుకున్నాం. అప్పుడు అతని బండిలోకి చూశాను. ఆముదాలు. మిర్యాలగూడలో నా కొట్టు అతని ఇంటికి కనుచూపు మేరలో ఉంది.

"మన ఆముదాలు గీడిదాక ఎందుకు తెచ్చినవే?"

అతను తల గోక్కున్నాడు. బావకేసి చూశాడు. బావ ఆకాశంకేసి చూశాడు.

"గూడల మీరిచ్చే ధర... ఎడ్లకు కూడా నచ్చలే పటేలా. అవ్వే ఇటు తిరిగినయి" అన్నాడు.

చుట్టూ ఉన్నవాళ్ళందరూ పకపక నవ్వారు. నేను కూడా నవ్వి ఉంటాను. ఇప్పుడు రాస్తుంటే చెవులు వేడెక్కుతున్నాయి.

విషయం చెప్పగానే అతను బండి కింద కట్టిన మూట విప్పాడు. దారిలో వండుకోవడానికి తెచ్చుకున్న బియ్యం. మా గట్టు పక్క పండినవి. నేను జేబులో చెయ్యి పెట్టాను.

"తియ్యి తియ్యి. ఆడబిడ్డ ఒడిల పోసేటియి, పైసలు తీస్కుంటనా? గది గాదు గని పటేలా, ఒక్క మాట. ఇగముందు నా బండి పక్కంగ పోయేటప్పుడు జర మెల్లగ పో. నీ దుమ్ము తిని తిని నా ఎడ్లు దగ్గుతున్నయి."

బావ గంజ్‌లో సోల పట్టుకొచ్చి పెద్ద గొంతుతో కొలిచాడు. "లాభం... లాభం... రెండు... రెండు..." మా వైపు మొదటి కొలతను ఒకటి అనరు, లాభం అంటారు. ఆ కొలత నేను వ్యాపారంలో వేలసార్లు విన్నాను. ఆ రోజే మొదటిసారి లాభం నాది కాకపోయినా సంతోషంగా అనిపించింది.

ఇక్కడ ఆపేస్తే నేను మంచివాణ్ణయిపోతాను. కానీ ఆ సాయంత్రం వంతెన దగ్గరి నుంచి కబురొచ్చింది. బేస్తవారం తెల్లవారగానే మోటర్లను ఒక్కొక్కటిగా వదులుతారు. నాలో పాత పురుగు కదిలింది. ఆ వారం కోదాడ షావుకారు సరుకు ఎవరిదగ్గరో ఒకరి దగ్గర కొనేస్తాడు. పొద్దున్నే పోతే బేరం కుదుర్చుకొని సాయంత్రానికి తిరిగి వచ్చేయవచ్చు. ఒడిబియ్యం సాయంత్రం పోస్తే ఏమవుతుంది? బియ్యం ఎలాగూ తెచ్చాను కదా. ఇదంతా నాకు ఎంతో న్యాయంగా అనిపించింది. వచ్చే నెల అన్న మాటే ఇప్పుడు సాయంత్రం అని వేషం మార్చుకుందని గ్రహించలేదు.

తెల్లవారుతుండగా బూట్లు చేతిలో పట్టుకొని సందులోంచి బయటపడ్డాను. ఇంజను లేపడానికి హ్యాండిల్ తిప్పితే చప్పుడవుతుంది. అందుకని గంజ్‌కు పోతున్న ఇద్దరు హమాలీలను పిలిచి, పల్లం దాకా కారును నెట్టమన్నాను. మేం ముగ్గురం దొంగల్లా నెడుతున్నాం. నాలుగు గజాలు పోయిందో లేదో, దర్జీ కొట్టు తలుపు తెరుచుకుంది.

దర్జీ కారును చూశాడు. నన్ను చూశాడు. నా చేతిలో బూట్లు చూశాడు.

"కూత పెట్టకుండ పోతున్నవేంది? మీ అక్క ఎసరు పెట్టాల్నా, వద్దా?"

"పొద్దుమీకి వస్త తాతా. నువ్వు అక్కకు చెప్పు, వస్తడని."

ముసలాయన రోడ్డు మీద మిరపకాయలకు కప్పిన గోనెపట్టాలు తీయడం మొదలుపెట్టాడు. నాకేసి చూడలేదు.

"నేను చెప్ప. మూడేండ్ల సంది చెప్తనే ఉన్న. నువ్వు కూత పెట్టి పోయినప్పుడల్లా, మీ అక్క సందు మొగదల దాకా ఉరికొస్తది. నేనేమంట? నీ తమ్ముడు బండి ఆపిండమ్మ, మంచిగున్నవా అని అడిగిండు, జర తొందరల ఉన్నడు, అని అంట. వట్టి అబద్ధం. అబద్ధమాడిన నోటితోనే నీ అన్నం తిన్న. ఇయ్యాల అది జెయ్య. ఇయ్యాల ఆమె పసుపు కలుపుకొని కూసున్నది."

హమాలీలు నెట్టడం ఆపేశారు. ఒకతను నుదురు తుడుచుకొని, "ఎటు నెట్టాలె అయ్యా? ముందుకా, ఎనుకకా?" అని అడిగాడు. అతను కారు గురించే అడిగాడు.

నేను వంగి రబ్బరు బుడ్డి నొక్కాను. మూడుసార్లు. తెల్లవారుజామున ఆ చప్పుడు ఊరంతా మోగింది. తలుపులు తెరుచుకున్నాయి. మంచం మీద కిరాణా షావుకారు తాళంచెవులతో సహా లేచి కూర్చున్నాడు. నేను బూట్లు కారులోనే పడేసి, బొబ్బల కాళ్ళతో సందులోకి నడిచాను. ఈసారి సరిగ్గా సొరపాదు ఇంటికే.

అక్క గుమ్మంలో నిలబడి ఉంది. చేతులు పసుపు పసుపుగా ఉన్నాయి.

"ఏడికి పోయినవ్ తమ్మీ?"

అబద్ధం చెప్పాలంటే నాలుక చివర సిద్ధంగా ఉంది. "కోదాడ పోదామని లేచిన. పోలే" అన్నాను.

అక్క నా ఉత్త కాళ్ళకేసి చూసింది. "దర్జీ తాత ఏమన్నడు?"

"నాకోసం ఇగ అబద్ధాలు ఆడనన్నడు."

"ఆయన మాట నేనెన్నడు నమ్మలే" అంది అక్క. "అయినా గట్ల చెప్పేటోడు ఒకడుండాలె గద, అత్త ముందర."

అరుగు మీద అత్త వినే ఉంటుంది. ఆమె జీవితంలో ఒక్కసారి ఏమీ అనకుండా ఊరుకున్నది అప్పుడే.

ఒడిబియ్యం పోశాను. అలవాటు లేక కొన్ని గింజలు నేల మీద పోశాను. అక్క కొంగు రెండు చేతులా పట్టుకొని ఆ బరువు చూసుకుంది. బావ పక్కన నిలబడి అలవాటుకొద్దీ "లాభం" అన్నాడు. పేరంటానికి వచ్చిన ఆడవాళ్ళు నవ్వారు. నేను తప్పుగా దూరిన పచ్చతలుపుల ఇంటి ముసలమ్మ కూడా వచ్చింది. "గీ పిల్లగాడు మొదలు మా ఇంటికే వచ్చిండు, ఒడిబియ్యం నాకే దక్కాలె" అంది.

మధ్యాహ్నం ఆ బియ్యం వండి వాడంతటికీ పెట్టారు. నేను పీట మీద కూర్చున్నాను. నా పక్కన దర్జీ. ఆయన విస్తరిలో అన్నం కలుపుతూ నన్ను చూసి తల అడ్డంగా ఊపాడు.

"ఆగినవ్, మంచిగనే ఉన్నది. ఇగ వారం వారం ఆగుతవా?"

"ఆగుత తాతా."

"అయితే నా కడుపు మీద కొట్టినట్టే."

వడ్డిస్తున్న అక్క ఆగి, "ఇగ పెద్ద గిన్నెల పెడ్త తాతా ఎసరు, ఇద్దరికి సరిపోను" అంది.

మర్నాడు కోదాడ పోతే, అనుకున్నట్టే షావుకారు వేరేవాళ్ళ సరుకు కొనేశాడు. "మూడ్రోజులు వంతెన లేదంటే సరేనండి. నాలుగో రోజు ఏమైందీ?" అన్నాడు. చెప్పాను. "ఆ మాట ముందే కబురు పెట్టొద్దుటండీ? ఒక్కరోజు ఆగేవాణ్ణిగా" అన్నాడు. ఆ వైపు కూడా ఆగే మనుషులున్నారని నాకు తట్టనే లేదు.

ఆ తరువాత ఎన్నడూ ఆగకుండా పోలేదని రాయాలని ఉంది. రెండుసార్లు పోయాను. రెండుసార్లూ హారన్ కొట్టకుండా, తల వంచుకొని. మూడోవారం ఆగి దిగితే, దర్జీ కొట్టులోంచి బయటికి రాకుండానే సూదిలో దారం ఎక్కించుకుంటూ అన్నాడు:

"రెండు పూటలు పస్తున్న పటేలా. నువ్వు దిగకుంటే మానె, ఆ రబ్బరు బుడ్డన్న నొక్కరాదు?"